రెట్ట, తడి, పక్కింటి కిటికీ: నగరపాలక సంస్థల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

కోళ్ల మీద, పావురాల మీద వచ్చిన ఫిర్యాదులకు మీ కార్యాలయాల్లో ఒక ఫైలు ఉండే ఉంటుంది. అలాంటి ఒక ఫైల్లో ఏడు కాగితాలు నావి. మా పక్క మేడ మీద రేకుల షెడ్డు వేసి నలభై దాకా కోళ్లు, ఒక వరస గూళ్లలో కౌజు పిట్టలు పెంచేవారు. మా వంటింటి కిటికీకీ ఆ షెడ్డుకీ మధ్య ఆరడుగుల సందు. రెండేళ్లపాటు ఆ కిటికీ తెరవలేదు. చాలా ఏళ్ల తరవాత, వేరే ఇంట్లో, నేనే ఆరు పెట్టల్ని తెచ్చుకున్నాను. ఫిర్యాదులు రాసిన చేతులే ఇప్పుడు పొద్దున్నే రెట్ట ఎత్తుతున్నాయి. అందుకని ఈ ఎనిమిదో కాగితం ఎవరి మీదా ఫిర్యాదు కాదు. నగరంలో పక్షుల పెంపకానికి నిబంధనలు రాసేటప్పుడు మీరు ఎటు చూడాలో, ఇప్పుడు ఎటు చూస్తున్నారో చెప్పాలని రాస్తున్నాను.

ముందు ఆ షెడ్డు కథ ఎలా ముగిసిందో వినండి. నా మొదటి కాగితం పారిశుద్ధ్యం వాళ్లకి వెళ్లింది. పక్షులు కదా, పశువైద్య విభాగాన్ని అడగమన్నారు. పశువైద్యుడు వచ్చి చూసి, కోళ్లు ఆరోగ్యంగానే ఉన్నాయి, వాసన మా పరిధిలోకి రాదు అన్నారు. తెల్లవారుజామున కూతల గురించి పోలీసులకు చెబితే నవ్వారు. వాళ్లని తప్పుపట్టను, కోడిపుంజు మీద కేసు రాయమంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఏడో కాగితం ఎవరి బల్ల మీద పడిందో గానీ, ఒకరోజు ఉన్నట్టుండి బండి వచ్చింది. కోళ్లని, కౌజు పిట్టల్ని గంపల్లో వేసుకుని పోయారు. ఇంటాయన మొహం చూడలేకపోయాను. ఆ తరవాత పదిహేను రోజులు వాసన రెట్టింపైంది, ఈగలు మూడింతలయ్యాయి. ఎందుకంటే పక్షుల్ని తీసుకెళ్లినవాళ్లు షెడ్డు వెనక పోగుపడిన పెంటని ముట్టుకోలేదు. యజమాని కోపంతో దాని జోలికి పోలేదు. ఈలోగా వాన పడింది.

పక్షులు లేకుండా పక్షుల బాధ మొత్తం అనుభవించడమంటే ఏమిటో ఆ పదిహేను రోజుల్లో తెలిసింది. మీ నిబంధనలన్నీ పక్షిని పట్టుకుంటాయి. ఎన్ని ఉన్నాయి, ఏ జాతి, ఎవరి పేరున, అనుమతి ఉందా లేదా. ఇబ్బంది మాత్రం పక్షి దగ్గర ఉండదు. రెట్ట తడిసిన చోట ఉంటుంది. దాన్ని ఎత్తకుండా గడిచిన రోజుల్లో ఉంటుంది.

పక్షికి మనలాగా వేరే మూత్రం లేదు. ఒంట్లో మిగిలిన నత్రజనిని యూరిక్ ఆమ్లంగా మార్చి రెట్టతోపాటే వదిలేస్తుంది. రెట్టలో కనిపించే ఆ తెల్లటి ముద్ద అదే. ఎండిపోయి ఉన్నంతసేపూ దానివల్ల పెద్ద బాధ లేదు. నీళ్లు తగిలాయంటే బ్యాక్టీరియా పని మొదలుపెట్టి దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది. కళ్లు మండించే ఘాటు ఇదే. గుడ్లు పెట్టే కోడి ఒకటి రోజుకి సుమారు 100 నుంచి 120 గ్రాముల పచ్చి రెట్ట వేస్తుంది, అందులో మూడొంతులు నీళ్లే. నా ఆరు పెట్టలకి రోజుకి ముప్పావు కిలోకి కాస్త తక్కువ. పక్క మేడ మీది నలభైకి నాలుగైదు కిలోలు, ఏడాదికి టన్నున్నర పైమాట. ఆ టన్నున్నర ఎక్కడికి పోతోందని ఏడు కాగితాలు రాసిన నేనూ అడగలేదు, చూసి వెళ్లిన అధికారులూ అడగలేదు. లెక్కపెట్టడానికి కోళ్లు కళ్లెదుట ఉన్నాయి, లెక్కపెట్టేసి పోయారు.

కోళ్ల కింద పరిచే ఊకలోనో రంపపు పొట్టులోనో తడి నాలుగో వంతు లోపు ఉంటే వాసన అదుపులో ఉంటుంది. మూడో వంతు దాటితే పొట్టు అట్టకట్టి పొరలు పొరలుగా లేస్తుంది. దీన్ని కొలవడానికి మీటరు కొనక్కర్లేదు. గుప్పెడు తీసుకుని గట్టిగా పిసికి వదలాలి. విడిపోయి రాలిపోతే బాగున్నట్టు. లడ్డూలా ముద్దగా నిలబడితే నీళ్లు ఎక్కడినుంచో దిగుతున్నట్టు. తనిఖీకి వచ్చే ఉద్యోగికి ముందు నేర్పాల్సింది ఈ పిడికిలి పరీక్ష, రసీదు పుస్తకం సంగతి తరవాత.

ఇంకో మాట. వాసన చూడాలంటే వంగి చూడాలి. యూరోపియన్ యూనియన్ 2007లో మాంసపు కోళ్ల కోసం చేసిన ఆదేశంలో, కోళ్లని ఎక్కువ ఒత్తుగా పెంచే షెడ్లలో అమ్మోనియా 20 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ల గాలిలో 20 పాళ్లు) మించకూడదని రాస్తూ, దాన్ని కోడి తల ఎత్తులో కొలవమన్నారు. మనిషి ముక్కు ఎత్తులో కాదు. నేల మీది ఘాటుని రోజంతా పీల్చేది ఆ ప్రాణే. దాని కళ్లే ముందు ఎర్రబడతాయి, గొంతుగొట్టంలో దుమ్మును బయటికి నెట్టే సన్నటి నూగు దానికే ముందు దెబ్బతింటుంది, తరవాత జబ్బులు పట్టుకుంటాయి. పక్కింటి కిటికీ దాకా ఘాటు వచ్చిందంటే లోపలి పక్షులు ఎప్పుడో బాధపడటం మొదలుపెట్టాయన్నమాట. పక్షి ప్రేమికులకీ, పక్కింటివాళ్లకీ ఇందులో తగువేమీ లేదు. తగువు ఉన్నట్టు కనిపించేలా మనమే చేసుకున్నాం.

ఈ తడి ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. వాన జల్లు కంటే ముందు అనుమానించాల్సింది నీళ్ల తొట్టిని. కోళ్లు తాగుతూ చిమ్ముతాయి, బాతులైతే ఇక చెప్పక్కర్లేదు, అవి తొట్టిలో తాగవు, స్నానం చేస్తాయి. తొట్టి కింద జాలీ, జాలీ కింద ఒక పళ్లెం పెడితే చిమ్మిన నీళ్లు పొట్టులో కలవవు. ముక్కుతో నొక్కితే బొట్టు రాలే నిపుల్ గొట్టాలైతే ఇంకా మేలు. రేకు అంచు గోడ దాటి ఒక మూరైనా ముందుకి రావాలి. ఇదంతా ఒక ఆదివారం మధ్యాహ్నం పని. నిబంధనల పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు, అదే నా బాధ.

సున్నం సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను, ఎందుకంటే ఆ పాపంలో నాకూ వాటా ఉంది. వాసన వస్తోందంటే సున్నం చల్లండని పక్క మేడాయనకి నేనే సలహా ఇచ్చాను. పాపం, ఆయన రెండు బస్తాలు తెచ్చి పచ్చి పెంట మీద గుమ్మరించాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ కూర్చోలేకపోయాం. సున్నం క్షారం. తడి రెట్టలో నీళ్లతో కలిసి అణిగి ఉన్న నత్రజనిని క్షారం అమ్మోనియాగా గాల్లోకి తరిమేస్తుంది. రెట్ట ఎత్తేసి, కడిగి, ఆరబెట్టిన నేల మీద సున్నం మంచిదే. పచ్చి పెంట మీద చల్లితే ఎదురు తిరుగుతుంది. అయినా మీ సిబ్బంది ఫిర్యాదు వచ్చిన ప్రతిచోటా ముందు చేసే పని ఒక డబ్బా పౌడరు చల్లి ఫొటో తీసుకోవడం. క్రిమినాశకాలదీ అదే దారి. మురికి మీద మందు పోస్తే మందు మురికితోనే ఖర్చైపోతుంది, క్రిమి దాకా పోదు. ముందు ఎత్తాలి, తరవాత కడగాలి, ఆరాక మందు. ఈ వరస తప్పితే మందు డబ్బు దండగ.

ఈగల లెక్క వాసన లెక్కకంటే తేలిక, అది పూర్తిగా క్యాలెండరు లెక్క. ఆడ ఈగ ఒక్కో విడతకి 75 నుంచి 150 గుడ్లు పెడుతుంది. రోజు తిరక్కుండానే అవి పురుగులవుతాయి. వేడి కాలంలో గుడ్డు నుంచి ఎగిరే ఈగ అయ్యేసరికి ఏడు నుంచి పది రోజులు. అందుకని వారానికోసారి శుభ్రం చేస్తే చాలని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ పురుగు నాలుగైదు రోజుల్లో బాగా బలిసి, గూడు కట్టుకోవడానికి పెంట వదిలి పొడి చోటు వెతుక్కుంటూ పాకిపోతుంది. గోడ పగుళ్లలోకి, పూలకుండీల కిందకి. ఏడో రోజున మీరు పెంట ఎత్తేసరికి అది అక్కడ ఉండదు. వేసవిలో వారానికి రెండుసార్లు ఎత్తాలని నిబంధన ఉండాలి. 'ఎప్పటికప్పుడు శుభ్రం చేయాలి' అని రాస్తే చట్టం ముందు దానికి అర్థం లేదు. 'మూడు రోజులకు మించి నిలవ ఉండరాదు' అని రాయండి, అప్పుడు గొడవ పడటానికైనా ఒక అంకె ఉంటుంది.

ఎత్తిన దాన్ని ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. ఇక్కడ నగరపాలక సంస్థలుగా మీరు తప్పించుకోలేరు. చెత్తబండి వాడు తీసుకోడు. నాలుగో అంతస్తులో ఉన్నవాడికి పాతిపెట్టడానికి జానెడు నేల లేదు. ఇక మిగిలింది పైపు పట్టి కడిగేయడం. మేడ మీద కడిగిన పెంట వాన నీళ్ల గొట్టంలోంచి కిందింటివాళ్ల వాకిట్లోకి, అక్కడినుంచి రోడ్డు పక్క కాలువలోకి పోతుంది. పొడిగా ఉంటే వాసనే రాని సరుకుని నీళ్లు పోసి మరీ వాసన పుట్టించి వీధి మొత్తానికి పంచుతున్నాం. నీళ్ల పైపుతో రెట్ట కడగడాన్ని నిషేధించండి. నిషేధించిన రోజునే, వారానికి రెండుసార్లు మూతబిగించిన బకెట్లలో పొడి పెంటని తీసుకెళ్లే ఏర్పాటు చేయండి. కోడి పెంటలో నత్రజని పుష్కలం, మీ పార్కుల్లో రాలిన ఆకుల్లో కర్బనం పుష్కలం. ఒకటి బాధగా, రెండోది చెత్తగా మీ దగ్గరే పడి ఉన్నాయి. కర్బనం నత్రజనికి పాతిక ముప్పై రెట్లు ఉండేలా రెండూ కలిపితే కుప్ప దానంతటదే వేడెక్కుతుంది. 55 డిగ్రీల వేడి తగిన రోజులు నిలిస్తే, అంటే మూసిన తొట్టిలో మూడు రోజులు, ఆరుబయట తిరగేసే వరసల్లో పదిహేను రోజులు నిలిస్తే, విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లాలాంటి క్రిములు చస్తాయి. పచ్చి రెట్టని నేరుగా ఆకుకూరల మడిలో వేసేవాళ్లని చూస్తే మాత్రం నాకు భయమేస్తుంది. మొక్క మాడిపోవడం చిన్న సంగతి, ఆ ఆకు కడిగీ కడక్కుండా తినే పిల్లల సంగతి పెద్దది.

జబ్బుల విషయంలో రెండు రకాల మనుషులు నాకు విసుగు తెప్పిస్తారు. పావురం ఈక కనపడితే చాలు ఊపిరితిత్తులు పోయాయని వణికేవారు ఒకరు. మా తాతలనాటి నుంచీ పెంచుతున్నాం, మాకేం కాలేదనేవారు ఇంకొకరు. ఉన్నది ఉన్నట్టు చూద్దాం. చిలకలు, పావురాల నుంచి సోకే సిట్టకోసిస్ అనే జబ్బు 1929-30లో ఎగుమతైన చిలకలతోపాటు చాలా దేశాలకు పాకింది. ఎండిన రెట్ట పొడి, ఈకల దుమ్ము పీల్చడం దానికి దారి. గుర్తుపడితే యాంటీబయాటిక్‌తో నయమవుతుంది, కానీ పక్షులు పెంచుతున్నామని డాక్టరుకు చెబితేనే గుర్తుపడతారు. పాత పావురాల రెట్టలో క్రిప్టోకాకస్ అనే బూజు పెరుగుతుంది, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకి అది ప్రమాదం. ఏ క్రిమీ లేకుండానే, ఏళ్ల తరబడి పక్షుల దుమ్ము పీల్చినవాళ్లలో కొందరికి ఊపిరితిత్తులు వాచి గట్టిపడే జబ్బు వస్తుంది. పావురాలు పెంచేవాళ్ల పేరు మీదే వైద్యులు దానికి పేరు పెట్టారు.

ఈ మూడింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది దుమ్ము. చీపురు పట్టి పొడి రెట్టని ఊడ్చడం అందుకే తప్పు. పైన తడి వద్దని ఇంత చెప్పి ఇప్పుడు తడపమంటానేమిటి అనుకోకండి. ఎత్తే ముందు మాత్రం, తుంపర చల్లి, మాస్కు కట్టుకుని, గోకి ఎత్తాలి. ఎత్తేశాక ఆరనివ్వాలి. ఏళ్లనాటి పావురాల రెట్ట అటక మీద పేరుకుని ఉంటే ఇంటివాళ్లు చేయాల్సిన పని కాదది. ఆ పని మీ కార్మికులకే అప్పగిస్తే, గుడ్డముక్క ముక్కుకి కట్టి పంపకండి. ఇక ఐదేళ్లలోపు పిల్లల చేత కోడిపిల్లల్ని ముద్దు పెట్టించే ఫొటోల సరదా మానుకుంటే మంచిదని పెంచేవాళ్లకి చిన్న మనవి. పక్షి ఆరోగ్యంగా కనిపిస్తూనే రెట్టలో సాల్మొనెల్లా వదలగలదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడాన్ని మించిన మందు దీనికి లేదు.

బర్డ్ ఫ్లూ పేరెత్తగానే అందరికీ పూనకం వస్తుంది, మీకు మరీను. 1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 వైరస్ 18 మందికి సోకి ఆరుగురు చనిపోయారు. ఆ ఏడాది చివర్లో అక్కడి కోళ్లన్నింటినీ చంపేశారు. అందరికీ గుర్తున్నది ఆ చంపడమే. నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించింది వాళ్లు తరవాత చేసిన పని. 2001 నుంచి బతికున్న కోళ్లమ్మే కొట్లన్నీ నెలకో రోజు ఒకేసారి ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టాలన్నారు. వైరస్ ఒక కోడి నుంచి ఇంకో కోడికి తెగకుండా పాకుతూ ఉండటానికి నిత్యం నిండి ఉండే గంపలే కారణమని తెలుసుకుని, ఆ గొలుసుని తెంపారు. 2008లో రాత్రిపూట కొట్లలో బతికున్న కోళ్లని ఉంచడమే మాన్పించారు. పాత సరుకు పూర్తిగా పోకముందే కొత్త సరుకు దిగే చోటే ప్రమాదం ఉంటుంది. ఇళ్లలో ఐదారు పెట్టల్ని పెంచేవాళ్లకంటే ముందు మీరు చూడాల్సింది నగరం నడిబొడ్డున రాత్రింబవళ్లు గంపలు దిగే చోట్లని. నిబంధనల బరువంతా మేడ మీద మోపి, ఆ చోట్లని వదిలేయడం నాకు న్యాయంగా తోచదు.

పేర్ల నమోదు విషయంలో నాది పెంచేవాళ్లకి నచ్చని అభిప్రాయం. ఇంగ్లండ్‌లో 2024 అక్టోబరు 1 నుంచి ఒక్క కోడి ఉన్నా ప్రభుత్వానికి చెప్పి తీరాలి. అతి అనిపించింది మొదట. తరవాత ఆలోచిస్తే, పక్క వీధిలో కోళ్లు వరసగా చచ్చిపోతే నాకు కబురు చెప్పాలంటే నేను కోళ్లు పెంచుతున్నానని ఎవరికో ఒకరికి తెలియాలి కదా. నమోదు పెట్టండి. అయితే రుసుము వద్దు, నమోదు చేసుకున్నవాళ్ల ఇంటికి మర్నాడే బండి పంపడం అసలే వద్దు. ఒక్కసారి అలా జరిగితే చాలు, మిగతావాళ్లంతా పక్షుల్ని స్నానాల గదిలో దాస్తారు. దాచిన పక్షుల్లో రోగం వస్తే ఎవరూ చెప్పరు. రెండు రోజుల్లో మూడు నాలుగు పక్షులు కారణం లేకుండా చచ్చిపోతే చెత్తబుట్టలో పడేయకుండా పశువైద్యుడికి ఫోన్ చేయాలంటే, ఫోన్ ఎత్తినవాడి గొంతులో శిక్ష వినపడకూడదు.

ఎలుకల గురించి ఎక్కువ చెప్పను. అవి కోళ్ల కోసం రావు, దాణా కోసం వస్తాయి. దాణా ఇనప డబ్బాలో మూతపెట్టి ఉంచాలి, సాయంత్రం మేత పళ్లేలు ఎత్తేయాలి, గూటి జాలీ కన్ను 12 మిల్లీమీటర్లకు మించకూడదు. నీళ్ల తొట్టి రోజూ మారిస్తే దోమల గొడవా ఉండదు. వీధి పావురాలకి బస్తాల కొద్దీ గింజలు చల్లే పుణ్యాత్ములకి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. తిన్న పావురాలు కిందింటివాళ్ల ఏసీ మీద రెట్టేస్తాయి, మిగిలినవి రాత్రి ఎలుకలు తింటాయి, పుణ్యం మాత్రం చల్లినవాళ్లకి.

ఇక కూత. నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదా అనుకున్న ముసలమ్మ కథ మనందరికీ తెలుసు. ఆమె పొరపాటులో కొంత నిజం ఉందని 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. పుంజు వెలుతురు చూసి కూయదు, ఒంట్లోని గడియారాన్ని బట్టి తెల్లారకముందే కూస్తుంది. మసక చీకట్లో రోజుల తరబడి ఉంచినా అదే వేళకి కూసింది. ఒకచోట కొన్ని పుంజులుంటే పెత్తనం చేసేది ముందు కూస్తుందని, మిగతావి వంతుల ప్రకారం అందుకుంటాయని కూడా తరవాత చూపించారు. అంటే గూటికి నల్ల గుడ్డ కప్పడం వల్ల మీరనుకున్నంత ఫలితం రాదు. రెండు పుంజులుంటే పోటీ అదనం. గుడ్లకి పుంజు అక్కర్లేదు, పెట్టలు వాటంతటవే పెడతాయి. ఇళ్లు ఆనుకుని ఉన్న వార్డుల్లో పుంజుల్ని వద్దనడం ఒక్కటే తేలికైన, అందరికీ అర్థమయ్యే నిషేధం. న్యూయార్క్‌లో పెట్టలకి అనుమతి ఉంది, పుంజులకి లేదు. సియాటిల్ 2010లో పెట్టల సంఖ్యని మూడు నుంచి ఎనిమిదికి పెంచుతూనే పుంజుల్ని వద్దంది.

ఫ్రాన్స్‌లో మోరీస్ అనే పుంజు, తన కూత మీద పక్కింటివాళ్లు వేసిన కేసులో, 2019లో కోర్టులో గెలిచిన సంగతి పెంచేవాళ్లు నాకు వాదనగా చెబుతుంటారు. ఆ తరవాత 2021లో పల్లెటూళ్ల చప్పుళ్లని, వాసనల్ని వారసత్వంగా కాపాడే చట్టం కూడా అక్కడ వచ్చింది, నిజమే. ఆ చట్టం పల్లెల కోసం. అక్కడికి కొత్తగా వచ్చినవాడు పుంజు గురించి గొడవ పెట్టుకోకూడదని దాని ఉద్దేశం. నగరంలో కొత్తగా వచ్చింది పుంజు.

చప్పుడంటే కూత ఒక్కటే కాదు. లాలాజలంతో గూళ్లు కట్టే స్విఫ్ట్‌లెట్ పిట్టల్ని, తూర్పాసియా వంటకాల్లో వాడే ఆ గూళ్ల కోసం, ఆగ్నేయాసియా పట్టణాల్లో పెంచుతారు. పెంచడమంటే కట్టేయడం కాదు. కిటికీలు మూసిన పాత మేడలపైన స్పీకర్లు పెట్టి వాటి కిచకిచల రికార్డు వినిపిస్తూ అడవి పిట్టల్ని రప్పించడం. లోపల గుహలా ఉండాలని నీళ్లు నిలవ ఉంచి, గాలిని తేమగా చేస్తారు. అంటే రోజంతా స్పీకరు మోత, లోపల దోమలు, రెట్ట, కుళ్లే గోడలు. మలేసియాలోని జార్జ్ టౌన్ 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాక, ఆ ఇళ్లని 2013 చివరికల్లా ఖాళీ చేయించాలని అక్కడివాళ్లు గడువు పెట్టుకున్నారు. నేను గమనించింది ఆ గడువుని. ఏళ్ల ముందే చెప్పారు. గూట్లో పిల్లలున్న పిట్టల్ని ఒక్కరోజులో వెళ్లగొట్టే పని కాదది. రేపు మీ ఊళ్లో ఏదో ఒక పక్షుల వ్యాపారం మూయించాల్సి వస్తే, పొదుగు కాలం చూసుకుని గడువు ఇవ్వండి.

ఇంటికి ఎన్ని పక్షులుండవచ్చో అంకె పెట్టమని చాలామంది అడుగుతారు. పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. కిక్కిరిస్తే తడి పెరుగుతుంది కాబట్టి ఆ అంకెకి అర్థం ఉంది. కానీ ఎనిమిది కోళ్లు పెట్టుకుని నెలకోసారి ఊడ్చేవాడు అంకె ప్రకారం నిర్దోషి. పన్నెండు పెట్టుకుని మూడు రోజులకోసారి పొట్టు మార్చేది దోషి. అంకెతో మొదలుపెట్టినా అక్కడే ఆగిపోకండి.

ఫిర్యాదు తీసుకునేది ఒక్క బల్లే అయి ఉండాలి. కూతైనా, కంపైనా, ఈగలైనా అక్కడే ఇవ్వాలి. ఏది ఎవరి పనో లోపల మీరు పంచుకోండి, మాకు తిప్పలు పెట్టకండి. మొదటిసారి వచ్చిన ఉద్యోగి పిడికిలి పరీక్ష చేసి, వంగి వాసన చూసి, చేయాల్సిన రెండు మూడు పనుల్ని మామూలు మాటల్లో కాగితం మీద రాసివ్వాలి. తొట్టి కింద జాలీ, వారానికి రెండుసార్లు ఎత్తడం, రేకు పొడిగింపు. సరిగ్గా పదో రోజున మళ్లీ రావాలి. పది రోజులెందుకంటే ఈగ ఒక తరం అప్పటికి తిరుగుతుంది. నిజంగా శుభ్రం చేశారో లేదో యజమాని చెప్పనక్కర్లేదు, గోడ మీద వాలినవి చెబుతాయి. రెండోసారీ మారకపోతే జరిమానా, మూడోసారి పక్షుల తరలింపు. తరలించే రోజున మాత్రం ముందు పెంట ఎక్కించండి, తరవాత పక్షుల్ని.

కొన్ని ఫిర్యాదులు వాసన గురించి కావని కూడా తెలుసుకోవాలి. బండి అడ్డం పెట్టాడనో, పెళ్లికి పిలవలేదనో ఉన్న పగ కోళ్ల మీద తీర్చుకునేవాళ్లుంటారు. పిడికిలి పరీక్ష వాళ్లకీ మందే. పొట్టు రాలిపోతే, ఈగలు లేకపోతే, పుంజు లేకపోతే, ఆ ఫిర్యాదుని మూసేయండి. ఎందుకు మూశారో ఫిర్యాదుదారుకి రాసివ్వండి.

నా ఆరు పెట్టల గురించి పక్కింటావిడ ఇప్పటిదాకా ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి అంతా బాగుందని నేను అనుకోను, నేను కూడా మొదటి ఆరు నెలలు కిటికీ మూసుకుని ఊరుకున్నాను. అందుకే ఆవిడని నెలకోసారి నేనే అడుగుతాను. కిందటి వానల్లో ఒకసారి, తూర్పు గాలి వీచినప్పుడు కాస్త వస్తోందమ్మా అన్నారు. వెళ్లి చూస్తే గూడు మూలన రేకు మేకు ఊడి, బొట్టుబొట్టుగా కారుతోంది.

మీరు నిబంధనలు రాసే ముందు నగరంలో పది చోట్ల తిరిగి చూస్తామంటే నాకు చాలా సంతోషం. మా మేడ మీదకీ రండి. ఒక్క మనవి. ఎండాకాలం మధ్యాహ్నం రాకండి, అప్పుడు ఎవరి గూడైనా బాగానే ఉంటుంది. గట్టి వాన కురిసిన రెండో రోజు పొద్దున రండి.

ఇట్లు,
ఏడు ఫిర్యాదులు రాసి, ఆరు పెట్టల్ని పెంచుతున్న ఒక నగరవాసి